ఇంగ్లీష్ ఇడియమ్స్ అర్థం చేసుకోవడం ఎలా: గుర్తుపట్టడం నుంచి ధైర్యంగా వాడటం దాకా

‘వాక్యంలో ప్రతి మాటా తెలిసిందే, కానీ వాక్యం మాత్రం బోధపడటం లేదు’ అని చాలామంది అడుగుతుంటారు. అలాంటి చోట ఎక్కువగా అడ్డం పడేది ఇడియమే, అంటే విడి మాటల అర్థాలు కలిపినా తేలని ప్రత్యేక అర్థం ఉన్న పదబంధం. తెలుగులో జాతీయం లాంటిది. దానికి విరుగుడుగా వంద ఇడియమ్స్ జాబితా తెచ్చుకుని బట్టీ పడతారు. తీరా చదివేటప్పుడు అందులోవే ఎదురైనా గుర్తుపట్టలేరు. జాబితాలో ఒక రూపం ఉంటుంది, వాక్యంలో ఇంకో రూపం కనిపిస్తుంది. పైగా ఎవరు, ఎవరితో, ఏ ధోరణిలో అంటారన్నది జాబితాలో ఉండదు. అది తెలియకపోతే అర్థం సగమే తెలిసినట్టు.

కింద ఇచ్చిన క్రమం ఆ రెండో సగాన్ని కూడా పట్టుకోవడానికి. మొదట్లో ఒక్కో ఇడియమ్‌కు పది నిమిషాలు పట్టినా కంగారు పడకండి. అలవాటైతే రెండు మూడు నిమిషాల పని.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక లెర్నర్స్ డిక్షనరీ. అంటే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక ఇంగ్లీష్‌లో రాసిన నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ ముగ్గురివీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్ యాప్.
- మీ స్థాయికి తగిన పాఠం. పేజీకి నాలుగైదు కొత్త మాటలకు మించకూడదు. అంతకన్నా కష్టమైనదైతే అడ్డం పడింది తెలియని మాటో, ఇడియమో తేల్చుకోవడమే కుదరదు.

ఇంగ్లీష్–తెలుగు నిఘంటువు ఒక్కటే సరిపోదు. అది చాలాసార్లు ఒక తెలుగు మాట ఇచ్చి ఊరుకుంటుంది. ఆ మాట గౌరవంగా అనేదా, వెక్కిరింపా, పాతబడిందా అన్నది చెప్పదు. అనువాద యాప్ వాడితే ఇడియమ్ ఒక్కదాన్నే ఇవ్వకండి. ముందు వెనక వాక్యాలతో సహా ఇవ్వండి.

2. ఇది ఇడియమ్ అని గుర్తుపట్టడం

మొదటి గుర్తు, మాటలకు ఉన్న మామూలు అర్థం ఆ సందర్భానికి అతకకపోవడం. ఆఫీసు మీటింగ్ గురించి రాస్తూ మధ్యలో ‘బుష్’ అని వస్తే, అక్కడ నిజంగా పొద ఉండే అవకాశం లేదు. అది ‘బీట్ అరౌండ్ ద బుష్’. అసలు విషయానికి రాకుండా డొంకతిరుగుడుగా మాట్లాడటం.

రెండో గుర్తు, ఒక మాటను దానికి దగ్గరి మాటతో మారిస్తే ఆ అర్థం కుప్పకూలడం. ‘స్పిల్ ద బీన్స్’ అంటే రహస్యం బయటపెట్టడం. బీన్స్ బదులు ‘పీస్’ అంటే మిగిలేది కింద ఒలికిన బఠానీలే.

అయితే ప్రతిచోటా ఇడియమే అనుకోవద్దు. ధ్రువ సముద్రాల్లో ఓడల గురించిన వార్తలో ‘బ్రేక్ ద ఐస్’ కనిపిస్తే అది నిజంగా మంచు పగలగొట్టడమే. అదే మాట కొత్తవాళ్లు కలుసుకున్న చోట వస్తే, మొదటి బిడియం పోగొట్టి మాట కలపడం. ముందు మామూలు అర్థంతో చదవండి. కుదరకపోతేనే ఇడియమ్ అనుకోండి.

సామెతలతో, ఫ్రేజల్ వెర్బ్స్‌తో కలగాపులగం చేసుకోకండి. సామెత సాధారణంగా తనంతట తానే ఒక పూర్తి మాట. ‘గివ్ అప్’, ‘పుట్ అప్ విత్’ లాంటి ఫ్రేజల్ వెర్బ్స్ క్రియకు చిన్న మాట తోడై ఏర్పడతాయి. వాటిని విడిగా నేర్చుకోవడం మేలు.

3. అసలు రూపం రాబట్టడం

వెతికినా దొరకలేదని వదిలేసేవాళ్లలో చాలామంది తప్పేది ఇక్కడే. వాక్యంలో ఉన్నది ఉన్నట్టు వెతికితే దొరకదు. ముందు దాన్ని మూలరూపానికి తేవాలి.

- కాలం తీసేయండి. ‘హి వాజ్ బార్కింగ్ అప్ ద రాంగ్ ట్రీ’ మూలరూపం ‘బార్క్ అప్ ద రాంగ్ ట్రీ’. పొరపాటు చోట వెతకడం, తప్పు మనిషిని అనుమానించడం.
- మనుషులను తీసేయండి. ‘షి పుల్డ్ మై లెగ్’ మూలరూపం ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’.
- మధ్యలో దూరిన మాటలు తీసేయండి. ‘పుల్డ్ ఎ ఫ్యూ స్ట్రింగ్స్’ అసలు ‘పుల్ స్ట్రింగ్స్’. పలుకుబడి వాడి పని జరిపించుకోవడం. ‘పుల్ ద స్ట్రింగ్స్’ వేరు. అది తెర వెనక ఉండి నడిపించడం.
- తెగిపోయిన తోక అతికించండి. ‘వెల్, వెన్ ఇన్ రోమ్...’ అని ఆపేస్తారు. మిగతాది ‘డూ యాజ్ ద రోమన్స్ డూ’. వెళ్లిన చోట అక్కడి పద్ధతే పాటించమని. ‘ద లాస్ట్ స్ట్రా’ వెనక ఒంటె వీపు విరిచిన గడ్డిపోచ ఉంది. సహనం అడుగంటేలా చేసిన ఆఖరి చిన్న విషయం.

శీర్షికలు రాసేవాళ్లు ఇడియమ్‌లో ఒక మాట కావాలనే మారుస్తారు. తెలిసిన లయ వినిపిస్తూ ఒక మాట తేడాగా తగిలితే, ఆ మాట తీసి మిగతాది వెతకండి.

4. నిఘంటువు తెరవకముందే ఒక ఊహ

ఒక్క నిమిషం ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి.

- ఇది మంచి వార్తా, చెడు వార్తా?
- ముందు వాక్యాన్ని బలపరుస్తోందా, కాదంటోందా? ‘బట్’, ‘సో’, ‘దో’ లాంటి మాటలు చూడండి.
- ఇది మనిషి గురించా, పని గురించా, పరిస్థితి గురించా?

‘ఐ వాంటెడ్ టు కమ్, బట్ ఐయామ్ అండర్ ద వెదర్’ అన్నారనుకోండి. ‘బట్’ ఉంది కాబట్టి రాకపోవడానికి కారణం చెబుతున్నారు. మనిషి స్థితి గురించిన మాట. ఒంట్లో బాగాలేదేమో అన్నంత దూరం ఊహ వెళుతుంది, అది సరైనదే. ఊహించి తర్వాత సరిచూసుకున్నది, నేరుగా చదివినదానికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది. తప్పుగా ఊహించినా నష్టం లేదు.

5. నిఘంటువులో ఏం చూడాలి

అచ్చు నిఘంటువుల్లో ఇడియమ్‌కు సాధారణంగా విడిగా చోటు ఉండదు. దానిలోని ముఖ్యమైన నామవాచకం లేదా క్రియ కింద ఉంటుంది. ‘బైట్ ద బుల్లెట్’ కోసం ముందు ‘బైట్’, అక్కడ లేకపోతే ‘బుల్లెట్’ చూడండి. ‘గెట్’, ‘మేక్’, ‘టేక్’ లాంటి క్రియలతో మొదలైతే నేరుగా నామవాచకానికి వెళ్లండి. ఆ క్రియల పేజీల్లో వెతకడం మొదలుపెడితే తెమలదు. ఆన్‌లైన్‌లో గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్‌లో అయితే మొత్తం మాటను డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి.

అర్థం చదివాక అక్కడితో ఆపేయవద్దు. ఇవి కూడా చూడాలి:

- లేబుల్. ‘ఇన్‌ఫార్మల్’, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’, ‘డిసప్రూవింగ్’, ‘హ్యూమరస్’ అని వాలు అక్షరాల్లోనో చిన్న అక్షరాల్లోనో ఉంటుంది. ఆ ఇడియమ్ ఎక్కడ వాడకూడదో చెప్పేది ఇదే.
- ‘వన్స్’ (one's, తన) ఉందా, ‘సమ్‌వన్స్’ (someone's, ఇంకొకరి) ఉందా. ‘బైట్ వన్స్ టంగ్’లో నాలుక ఎవరిదో కాదు, మాట్లాడబోయి ఆపుకున్న మనిషిదే. ‘బైట్ సమ్‌వన్స్ హెడ్ ఆఫ్’లో తల ఎదుటివాళ్లది. చిన్నదానికే వాళ్ల మీద విరుచుకుపడటం అన్నమాట. ఈ తేడా గమనించకపోతే కర్త, కర్మ తారుమారవుతాయి.
- కనీసం రెండు ఉదాహరణ వాక్యాలు. రెంటిలోనూ ‘నాట్’ గానీ ‘వితౌట్’ గానీ ఉందంటే అది వ్యతిరేక వాక్యాలకే అలవాటుపడ్డ ఇడియమ్ అయివుండొచ్చు. ‘వితౌట్ బ్యాటింగ్ ఎన్ ఐలిడ్’ అంటే ఏమాత్రం చలించకుండా. ‘షి బ్యాటెడ్ ఎన్ ఐలిడ్’ అని ఎవరూ అనరు. ‘నాట్ మై కప్ ఆఫ్ టీ’, ‘డజంట్ హోల్డ్ వాటర్’ కూడా ఎక్కువగా ఇలాగే వస్తాయి.

6. తెలుగు జాతీయంతో పోల్చి చూడటం

తెలుగు పాఠకుడికి ఎక్కువ మేలు చేసేదీ, ఎక్కువగా దెబ్బతీసేదీ ఈ మెట్టే. అందుకే ఇది ఆరోది. అర్థం, ధోరణి నిఘంటువులో చూసుకున్నాకే తెలుగు మాట కోసం వెతకాలి. ముందే వెతికితే మనకు తెలిసిన జాతీయం వచ్చి ఇంగ్లీష్ అర్థాన్ని పక్కకు నెట్టేస్తుంది.

దాదాపు సరిసమానంగా కుదిరేవి ఉన్నాయి. వీటికి శ్రమ అక్కర్లేదు:

- ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’: అగ్నికి ఆజ్యం పోయడం
- ‘ఔట్ ఆఫ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇన్‌టు ద ఫైర్’: పెనం మీద నుంచి పొయ్యిలో పడటం
- ‘మేక్ ఎ మౌంటెన్ ఔట్ ఆఫ్ ఎ మోల్‌హిల్’: గోరంతను కొండంత చేయడం
- ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’: పెడచెవిన పెట్టడం
- ‘గో టు సమ్‌వన్స్ హెడ్’: తలకెక్కడం
- ‘బర్న్ వన్స్ ఫింగర్స్’: చేతులు కాల్చుకోవడం

అసలు ప్రమాదం పోలిక ఒకటై, అర్థం వేరైన వాటితో. వీటి మీద ఎక్కువ సమయం పెట్టండి.

‘గివ్ సమ్‌వన్ ఎ హ్యాండ్’ అంటే సాయం చేయడం. తెలుగులో ‘చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి మోసం చేశాడని. నేరుగా మార్చితే కృతజ్ఞత కాస్తా నింద అవుతుంది. ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అని వేదిక మీద అంటే మాత్రం సాయం కాదు, చప్పట్లు కొట్టమని.

‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ సరదాగా ఆటపట్టించడం. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి నమ్మించి నవ్వుకోవడం. పైకి వెళ్లేవాణ్ని కాళ్లు పట్టి కిందికి లాగడం కాదు. ‘ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?’ అని ఎవరైనా అడిగితే మీ మీద అభియోగం మోపడం లేదు. ‘నిజమేనా, ఆటపట్టిస్తున్నావా?’ అంటున్నారు.

‘అప్ ఇన్ ద ఎయిర్’ అంటే ఇంకా ఎటూ తేలని సంగతి. ఆనందంతో గాల్లో తేలిపోవడం కాదు. దానికి ‘వాకింగ్ ఆన్ ఎయిర్’ ఉంది.

‘గెట్ కోల్డ్ ఫీట్’ భయంతో కాళ్లూ చేతులూ చల్లబడటానికి దగ్గరగా కనిపిస్తుంది, కానీ ఇంకాస్త ఇరుకైన మాట. చేస్తానని ఒప్పుకున్న పనికి, తీరా సమయం దగ్గరపడ్డాక జంకి వెనకాడటం. ప్రమాదం చూసి బెదిరిపోయినప్పుడు ఇది వాడరు.

‘సీ ఐ టు ఐ’ కళ్లలో కళ్లు పెట్టి చూడటం కాదు. ఏకాభిప్రాయం కలిగి ఉండటం. ఎక్కువగా ‘వి డోంట్ సీ ఐ టు ఐ ఆన్ దిస్’ అని, అభిప్రాయాలు కలవడం లేదనడానికే వస్తుంది.

‘నాక్ సమ్‌వన్ ఫర్ సిక్స్’ క్రికెట్ నుంచి వచ్చిన బ్రిటిష్ మాట. మనం సిక్సర్ కొట్టాడంటే అది ఘనవిజయం. ఇక్కడ చూడాల్సింది దెబ్బ తిన్నవాణ్ని. ‘ద న్యూస్ నాక్డ్ హిమ్ ఫర్ సిక్స్’ అంటే ఆ వార్తతో అతను కుదేలైపోయాడు.

తెలుగులో జోడీ దొరకనివీ ఉంటాయి. ‘టేక్ ఎ రెయిన్ చెక్’ అమెరికా బేస్‌బాల్ నుంచి వచ్చింది. ఆహ్వానాన్ని కాదనకుండా, ఇప్పుడు కుదరదు ఇంకోసారి వస్తానని మర్యాదగా చెప్పడం. దీనికి జాతీయం కోసం తంటాలు పడకండి. మామూలు తెలుగులో ఒక వాక్యం రాసుకుంటే చాలు. బలవంతంగా అతికించిన జాతీయం కన్నా అది నిజాయితీగా ఉంటుంది.

7. చిన్న మాటల దగ్గర ఆగండి

తెలుగులో ‘ఎ’, ‘ద’ లాంటివి లేవు కాబట్టి మన కన్ను వాటి మీదుగా జారిపోతుంది. ఇడియమ్స్‌లో అర్థం తేల్చేది చాలాసార్లు అవే.

- ‘ఆన్ ద వే’ దారిలో ఉంది, వస్తోంది. ‘ఇన్ ద వే’ అడ్డుగా ఉంది. ‘ఇన్ ఎ వే’ ఒక రకంగా చూస్తే. ‘బై ద వే’ అంటే తెలుగులో ‘అన్నట్టు’.
- ‘లూజ్ హార్ట్’ నిరుత్సాహపడటం. ‘లూజ్ వన్స్ హార్ట్ టు సమ్‌వన్’ మనసు పారేసుకోవడం.
- ‘ఔట్ ఆఫ్ ద క్వశ్చన్’ ససేమిరా కుదరదు. ‘బియాండ్ క్వశ్చన్’ సందేహమే లేదు.

పక్కనున్న క్రియ కూడా అర్థం మారుస్తుంది. ‘థింగ్స్ గాట్ ఔట్ ఆఫ్ హ్యాండ్’ అంటే పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ‘దే రిజెక్టెడ్ ఇట్ ఔట్ ఆఫ్ హ్యాండ్’ అంటే ఆలోచించనైనా ఆలోచించకుండా తోసిపుచ్చారు. మాట ఒకటే, ‘గెట్’ పక్కన ఒక అర్థం, ‘రిజెక్ట్’ పక్కన ఇంకొకటి. అందుకే ఇడియమ్‌ను విడిగా కాకుండా క్రియతో కలిపి రాసుకోమని గట్టిగా చెబుతున్నాం.

8. ఏ దేశపు ఇంగ్లీషో చూడటం

బ్రిటిష్, అమెరికన్ రూపాల్లో తేడా చాలావరకు ఒక్క మాటే. బ్రిటిష్ ‘టచ్ వుడ్’ అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’. ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అక్కడ ‘ఎ గ్రెయిన్ ఆఫ్ సాల్ట్’. ‘స్కెలిటన్ ఇన్ ద కబోర్డ్’ అక్కడ ‘ఇన్ ద క్లోజెట్’. అర్థం ఒకటే. ఒకే రచనలో రెండు రకాలూ కలపకుండా ఉంటే సరిపోతుంది.

కానీ ‘టేబుల్’ విషయంలో జాగ్రత్త. ప్రతిపాదనను ‘టేబుల్’ చేయడం బ్రిటిష్ వాడుకలో చర్చకు పెట్టడం, అమెరికన్ వాడుకలో చర్చను వాయిదా వేయడం. పూర్తిగా ఎదురర్థాలు. రెండు దేశాలవాళ్లూ ఉన్న చోట ఆ మాట మానేసి, ఏం చేయాలో విడమరిచి చెప్పండి.

9. ఒక పేరా, మొదటి నుంచి చివరి దాకా

‘ద డీల్ ఈజ్ స్టిల్ అప్ ఇన్ ద ఎయిర్. దే గాట్ కోల్డ్ ఫీట్ ఎట్ ది ఎలెవెన్త్ అవర్, సో ద బాల్ ఈజ్ ఇన్ దెయిర్ కోర్ట్ నౌ.’

విషయం ఒప్పందం. గాలి, పాదాలు, పదకొండో గంట, బంతి ఏవీ దానికి అతకవు. కాబట్టి నాలుగు ఇడియమ్స్ అనుమానించవచ్చు. ‘ఎలెవెన్త్ అవర్’ను పదకొండు గంటలనుకునే ప్రమాదం ఉంది. గంట చెప్పాలంటే ఇంగ్లీష్‌లో ‘ఎట్ ఎలెవెన్’ అంటారు. ‘ది’, ‘అవర్’ రెండూ ఉన్నాయి కాబట్టి ఇది వేరే.

మూలరూపాలు: ‘బి అప్ ఇన్ ద ఎయిర్’, ‘గెట్ కోల్డ్ ఫీట్’, ‘ఎట్ ది ఎలెవెన్త్ అవర్’, ‘ద బాల్ ఈజ్ ఇన్ సమ్‌వన్స్ కోర్ట్’.

ఊహ: ‘స్టిల్’ ఉంది, అంటే పని ఇంకా పూర్తి కాలేదు. ‘సో’ ఉంది, అంటే మూడో ముక్క రెండోదానికి ఫలితం. అవతలివాళ్ల వల్ల ఆగింది కాబట్టి ఇప్పుడు కదలాల్సింది వాళ్లే అయివుండాలి.

నిఘంటువు చూశాక: ఎటూ తేలలేదు, తీరా చేసి జంకారు, ఆఖరి క్షణంలో, ఇక అడుగు వేయాల్సింది వాళ్లే.

తెలుగు: ‘ఒప్పందం ఇంకా ఎటూ తేలలేదు. ఆఖరి క్షణంలో వాళ్లు జంకారు. ఇక ఏం చేస్తారో చెప్పాల్సింది వాళ్లే.’

నాలుగు ఇడియమ్స్‌కు బదులు తెలుగులో నాలుగు జాతీయాలు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా. ధోరణి మాత్రం చూడండి: సహోద్యోగితో మాట్లాడే తీరు. ఇదే పేరాను అవతలి పక్షానికి రాసే అధికారిక లేఖలో పెడితే ‘కోల్డ్ ఫీట్’ వాళ్లను పిరికివాళ్లన్నట్టు ఉంటుంది.

10. రాసుకోవడం, మళ్లీ చూడటం

ఒక్కో ఇడియమ్‌కు ఐదు వరుసలు చాలు:

- మూలరూపం, క్రియతో సహా
- మీకు ఎదురైన అసలు వాక్యం
- తెలుగులో అర్థం, ఒక వాక్యంగా
- ధోరణి: స్నేహంగా, వెక్కిరింపుగా, పాతకాలంగా, ఎక్కడైనా
- మీ సొంత వాక్యం ఒకటి

వారానికి ఐదు నుంచి ఏడుకు మించి పెట్టుకోకండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూడండి. చూసేటప్పుడు అర్థం కప్పేసి, అసలు వాక్యం చదివి చెప్పగలుగుతున్నారో లేదో పరీక్షించుకోండి.

‘వాటర్’ ఉన్నవన్నీ ఒకే రోజు నేర్చుకోవడం బాగుంటుందనిపిస్తుంది. ‘ఇన్ హాట్ వాటర్’, ‘హోల్డ్ వాటర్’, ‘వాటర్ అండర్ ద బ్రిడ్జ్’, ‘టెస్ట్ ద వాటర్స్’. అలా చేస్తే ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకుంటుంది. కొత్తగా నేర్చుకునేటప్పుడు విడివిడిగా, బాగా వచ్చాక పక్కపక్కన పెట్టి చూసుకోండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

అర్థం తెలిసిన వెంటనే వాడేయడం. కొత్త ఇడియమ్ కనీసం మూడు వేర్వేరు చోట్ల కనిపించేదాకా చదివి అర్థం చేసుకోవడానికే ఉంచుకోండి.

ధోరణి మరిచిపోవడం. ‘కిక్ ద బకెట్’ చనిపోవడమే, కానీ తేలిగ్గా తీసిపారేసే మాట. సంతాపం చెప్పేటప్పుడు ‘పాస్డ్ అవే’ లేదా సూటిగా ‘డైడ్’ అనండి.

వాక్యాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పడం. ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అనవచ్చు. ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అంటే చావు అర్థం పోయి, ఎవరో బకెట్‌ను తన్నారనే మిగులుతుంది. ఏది తిరుగుతుందో ఉదాహరణ వాక్యాల్లో చూసుకోవాలే తప్ప దీనికి తేలికైన సూత్రం లేదు.

పాతబడ్డవాటిని పట్టుకు వేలాడటం. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ పాఠాల్లో కనిపించినంతగా మాటల్లో వినిపించదు. ‘ఇట్స్ పోరింగ్’ అంటే చాలు.

పుట్టుక కథలను నమ్మి అర్థం ఊహించడం. ఇంటర్నెట్‌లో తిరిగే కథల్లో ఆధారం లేనివి చాలా ఉన్నాయి. ‘థ్రో ఇన్ ద టవల్’ బాక్సింగ్ నుంచి వచ్చిందని తెలిస్తే చేతులెత్తేయడం అనే అర్థం పట్టుబడుతుంది కాబట్టి అంతవరకు ఉపయోగం. మిగతా కథలు అర్థం నేర్చుకోవడానికి అవసరం లేదు.

ఒకే పేరాలో గుప్పించడం. పైన తొమ్మిదో మెట్టులోని పేరా సాధన కోసం రాసింది. మీరు రాసేటప్పుడు పేరాకు ఒకటి మించితే కృతకంగా ఉంటుంది.

వాడే ముందు ఈ నాలుగూ చూసుకోండి:

- మూలరూపంలోని ‘ఎ’, ‘ద’, ‘వన్స్’ సరిగ్గా ఉన్నాయా?
- చదివేవాళ్లకూ మీకూ ఉన్న చనువుకు ఈ ధోరణి తగినదేనా?
- మామూలు అర్థంలో తీసుకున్నా, మరో దేశపు అర్థంలో తీసుకున్నా నష్టం ఉందా?
- ఇడియమ్ తీసేసి సూటిగా చెబితే ఇంకా బాగుంటుందా? బాగుంటుందనిపిస్తే తీసేయండి.